ఆనెకాయ పట్టీలు

మా ఇంట్లో ఒంటి మీద ఏం మొలిచినా దానికొక జాతకం ఉంటుంది. కుడివైపు మొలిస్తే లాభం, ఎడమవైపు మొలిస్తే ఖర్చు, ముఖం మీద మొలిస్తే దిష్టి, వీపు మీద మొలిస్తే ఎవరిదో శాపం. దాన్ని డాక్టరుకు చూపించాలన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాదు. నేను జమ్మలమడుగులో పుట్టి, జంతుశాస్త్రంలో డిగ్రీ చదివి, ప్రొద్దుటూరు బజారులో బట్టల కొట్టున్న ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. వచ్చిన నెలలోపే నాకు తెలిసిపోయింది, ఇక్కడ తెలివంతా గల్లాపెట్టె దగ్గరే ఆగిపోతుందని, ఇంట్లోకి రాదని. ఆ మాట నేను పాతికేళ్లు మనసులో దాచుకోలేదు. అన్నం వడ్డిస్తూ అన్నాను, బట్టలు మడతపెడుతూ అన్నాను, చుట్టాల ముందు కూడా అన్నాను.

ముందు మా ఆయన మెడ గురించి చెప్పాలి. చొక్కా కాలరుకు కాస్త పైన, మెడ వెనక ఆయనకొక గడ్డ ఉంది. పెళ్లినాటికి అది ఉసిరికాయంత. కొట్టు మీద రెండో అంతస్తు లేచేనాటికి నిమ్మకాయంత అయింది. ఈ రెండూ ఒకేసారి పెరిగాయి కాబట్టి ఒకదాని వల్లే రెండోది పెరిగిందని మా అత్త తీర్మానించింది. దానికి దుడ్ల మూట అని పేరు పెట్టింది. మా వైపు దుడ్లంటే డబ్బు. దీపావళి నాడు కొట్టులో లక్ష్మీపూజ అయ్యాక కత్తెరకు, గజం బద్దకు, గల్లాపెట్టెకు బొట్లు పెట్టి, చివర్లో ఆ గడ్డకు కూడా ఒక బొట్టు పెట్టాలి. అత్త భర్త పోయిన మనిషి, కుంకుమ ముట్టదు కాబట్టి ఆ పని నాది. యాభైకి దగ్గరపడిన మగమనిషి మెడ వంచుకుని కూర్చుంటే, కాలేజీలో కప్పను కోసి గుండె చూసిన చేత్తో నేను గడ్డకు కుంకుమ పెట్టేదాన్ని. పనివాళ్లు చేతులు కట్టుకుని భక్తిగా చూసేవాళ్లు. ఒక్కడు కూడా నవ్వేవాడు కాదు, నాకు అదే ఒళ్లు మంట.

మగ్గాల మీద నేసిన చీరలు తెచ్చి మాకు అమ్మే ఒకాయన ఉండేవాడు. బేరం మొదలుపెట్టే ముందు ఆ గడ్డను ఒకసారి తాకి కళ్లకద్దుకునేవాడు. ఆ భక్తికి కరిగిపోయి మా ఆయన ధర గీసి గీసి అడిగేవాడు కాదు. ఆ వ్యవహారం మొత్తంలో తెలివైనవాడు ఆ చీరలాయన ఒక్కడే.

"కోయించుకోరాదా, చూడలేక చస్తున్నాను" అని ఒకసారి మా ఆయనతో అన్నాను. ఆయన నోరు తెరవకముందే అత్త అందుకుంది. "దాన్ని కోపిచ్చుకుంటే కొట్టు మూసుకోని ఇంట్లో కూచోవాల్సిందే. నీకు సదువుండాది గానీ మ్మా, ఇంగితం లేదు" అంది. నేను ఊరుకోలేదు. ఈ ఇంట్లో ఇంగితం ఎంతుందో ప్రతి దీపావళికీ చూస్తూనే ఉన్నానన్నాను. అత్త చాట ముందుకు లాక్కుని, "గురివింద గింజకు తన కింద నలుపు తెల్దంట" అని గొణిగి బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. ఆమె దగ్గర అలాంటి సామెతలు బస్తా నిండా ఉండేవి. నేను వాటిని లెక్కచేసేదాన్ని కాదు.

నలభై ఆరు దాటాక నా మెడ చుట్టూ పులిపిర్లు మొదలయ్యాయి. మెత్తగా, చిన్నచిన్న కాడలకు వేలాడుతూ, గొలుసు రాసుకునే చోటల్లా ఒకటి. ఇక సలహాలు మొదలు. పాలు పోయడానికి వచ్చినామె గుర్రం తోక వెంట్రుకతో ముడివేయమంది. ప్రొద్దుటూరులో గుర్రం ఎక్కడుందని అడిగితే, పెళ్లి ఊరేగింపులకు వస్తుంది కదా, అప్పుడు పీక్కోమంది. పక్కింటామె ఉప్పు, మిరియాలు దేవుడికి మొక్కుకోమంది. అవి మొక్కుకున్న ఆమె గడ్డం మీద పులిపిరి అలాగే ఉంది, మాట్లాడుతుంటే ఊగుతోంది కూడా. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నట్టు, నా మెడ వీధి వీధికీ కాలక్షేపం అయింది.

అప్పుడే జమ్మలమడుగులో మా అన్న కూతురి పెళ్లి కుదిరింది. పెళ్లికి నేను మెడకు హత్తుకుని ఉండే నగ పెట్టుకోవాలి. బట్టల కొట్టు ఇంటి కోడలు బోసి మెడతో పోతే ఎట్లా, పులిపిర్ల మెడతో పోతే ఎట్లా అని ఇంట్లో ఒకటే చర్చ. చివరికి అత్త ఆచారి పేరు ఎత్తింది. బంగారు అంగళ్ల సందులో మాకు తరతరాలుగా నగలు చేసే పనివాడు ఆయన. బంగారం మేలిమి చూసే ద్రావకం ఉంటుంది కదా, దాన్ని పుల్లతో అద్దితే పులిపిరి మాడి రాలిపోతుందట. "మా యమ్మకు, మా పెద్దమ్మకు ఆయన నాయనే తీసినాడు. ఒక్క పూట పని" అంది అత్త.

జంతుశాస్త్రం చదివిన మనిషి దీనికి ఒప్పుకుంటుందా? ఒప్పుకుంది. నగ మీద మోజు చదువు కంటే ఎక్కువ. ఆ సంగతి రాయడానికి నాకేమీ గొప్పగా లేదు.

ఆచారి కొలిమి పక్కన చెక్కపీట వేసి నన్ను కూర్చోబెట్టాడు. ఈనెపుల్ల చివర ద్రావకం ముంచి, నగకు మెరుగు పెట్టేంత శ్రద్ధగా ఒక్కొక్కదానికీ అద్దాడు. మొదటి మూడూ చురుక్కుమన్నాయి. నాలుగోదాని దగ్గర చుక్క జారి మెడ వాలున దిగింది. నేను పెట్టిన కేకకు ఎదురంగడి వాళ్లు తలలు బయటపెట్టి చూశారు. ఆచారి కంగారుగా నీళ్లు కుమ్మరిస్తూ, "బంగారమైతే ఇంత యాతన ల్యాకుండె మ్మా. అది నోరెత్తదు" అన్నాడు. ఆయన మంచి పనివాడే, కాదనను. కానీ తోలు బంగారం కాదన్న సంగతి ఆయనకు అప్పటిదాకా ఎవరూ చెప్పినట్టు లేరు.

మూడో రోజుకు మెడ మీద బొబ్బలు పగిలి చీము పట్టింది. డాక్టరుకు చూపించక తప్పదు. ప్రొద్దుటూరులో డాక్టర్లకు కొదవా? వీధికి నలుగురు. కానీ ఏ ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నా పక్కన కూర్చునేది మా గిరాకీయే. "బట్టల కొట్టోళ్లకు తోలురోగం వచ్చిందని పాకితే ఇంగ మన చీర ఎవురు ముట్టుకుంటారు?" అన్నాడు మా ఆయన. పాతికేళ్లలో ఆయన అంత వేగంగా ఆలోచించడం నేను చూడలేదు. కాబట్టి మమ్మల్ని ఎవరూ ఎరగని పులివెందులకు పోవాలని నిశ్చయమైంది. జమ్మలమడుగు మీదుగా పెన్న దాటి, ముద్దనూరు కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు చూసుకుంటూ, తొండూరు చీనీ బత్తాయి తోటల పక్కన, మెడకు తడిగుడ్డ చుట్టుకుని, రోగం దాచుకోవడానికి మా ఆయన వెంట అంత దూరం పోయాను.

పులివెందుల పెద్దాసుపత్రిలో చర్మం డాక్టరమ్మ చిన్నపిల్ల, ముప్పై ఉంటాయో లేదో. తడిగుడ్డ తీసి చూసి, "ఏం పోశారు?" అంది. చెప్పాను. "చదువుకున్నారా?" అంది. డిగ్రీ అన్నాను. "ఏం డిగ్రీ?" అంది. జంతుశాస్త్రం అని చెప్పేసరికి నా గొంతు నాకే వినపడలేదు. ఆ పిల్ల తల వంచి చీటీ మీద మందు రాసింది. తిట్టినా బాగుండేది.

కానీ మనిషి మంచిది. ఆ రోజు జనం తక్కువగా ఉన్నారు, నేను అడిగిన కొద్దీ ఓపికగా చెప్పింది. మీరంతా పులిపిరి అనేది ఒకటి కాదు, నాలుగైదు రకాలు అంది. మెడ మీద, చంకల్లో మెత్తగా కాడకు వేలాడేవి ఒట్టి తోలు ముక్కలు, ఒరుసుకునే చోట వస్తాయి, అంటుకోవు, హాని లేదు. కాకపోతే ఒళ్లు వచ్చినవాళ్లకు, చక్కెర ఉన్నవాళ్లకు ఎక్కువ వస్తాయి కాబట్టి నన్ను చక్కెర పరీక్ష చేయించుకోమంది. చేతుల మీద, కాళ్ల మీద గరుకుగా, లోపల నల్లటి చుక్కలతో వచ్చేవి వేరు, అవి అంటుకునేవి, గోకితే పాకుతాయి. వయసు మళ్లాక వీపు మీద, ముఖం మీద గోధుమరంగులో, నల్లగా, మైనం ముద్ద అంటించినట్టు లేచేవి వేరు. గోటితో లాగితే ఊడొస్తాయేమో అనిపిస్తుంది, వాటివల్లా భయం లేదు. పొట్ట మీద, ఛాతీ మీద ఎర్రగా ఆవగింజంత చుక్కలు సన్నటి రక్తనాళాల ముడులు. కాలి మీద ఎప్పుడో పురుగు కుట్టిన చోట గట్టి గింజలాగా మిగిలేది ఇంకొకటి, దాన్ని రెండువైపులా నొక్కితే నడుమ సొట్ట పడుతుంది. అది కూడా మనల్ని ఏమీ చేయదు.

నేను మా ఆయన మెడ వంచి గడ్డ చూపించాను. ఆమె రెండు వేళ్లతో కదిపింది. అది తోలు కింద ఇటు జారింది, అటు జారింది. "కొవ్వు గడ్డ. మెత్తగా ఉంది, జరుగుతోంది, నొప్పి లేదు. గట్టిపడినా, గబగబా పెరిగినా రండి. లేకుంటే అలా ఉండనివ్వండి" అంది. మా ఆయన ముఖం చేటంత అయింది. పాతికేళ్ల మూర్ఖత్వానికి డాక్టరు చీటీ దొరికింది కదా.

లేవబోతుంటే ఆమె చివరగా ఇంకొక మాట చెప్పింది. "ఒంటి మీద ఉన్నవాటిని చూసి భయపడొద్దు, మారేవాటిని చూడండి. రంగు ఒకచోట ఒకలాగా, అంచు వంకరటింకరగా ఉన్నా, పెరుగుతున్నా, రక్తం వస్తున్నా, మానకపోయినా ఆ వారమే రావాలి. మనలాంటి ఛాయ వాళ్లకు చెడ్డది వస్తే ఎక్కువగా అరచేతిలో, అరికాల్లో, గోరు కింద నల్లగా మొదలవుతుంది. ఇంట్లో పెద్దవాళ్ల పాదాలు అప్పుడప్పుడూ చూస్తుండండి." నేను తల ఊపుతూ మందుల చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఆ మాటలు నాకు ఒక్కటి కూడా పోకుండా గుర్తున్నాయి. విననిదాన్ని అయితే నయంగా ఉండేది.

తిరిగి వచ్చాక నాకు పట్టపగ్గాలు లేవు. ద్రావకం పోయించుకున్నది నేనే అన్న సంగతి పులివెందులలోనే వదిలేసి, డాక్టరమ్మ చెప్పింది మాత్రం మూట కట్టుకుని తెచ్చుకున్నాను. జమ్మలమడుగు పెళ్లిలో మెడ మచ్చ కనపడకుండా కొంగు కప్పుకుని, విడిది గదిలో కూర్చుని చుట్టాలందరికీ వైద్యం మొదలుపెట్టాను. వల్లూరు నుంచి వచ్చిన ఒకామె చెంపల మీద మిరియాల్లాంటి నల్లటి బుడిపెలు చూసి, ఇవి మీ వంశంలో వస్తాయి, వాటికి సున్నం, సోడా పూసి ముఖం కాల్చుకోవద్దన్నాను. ఆమె అప్పటికే పూసిందట. తొండూరాయన పిక్క మీద గట్టి గింజను రెండు వేళ్లతో నొక్కి సొట్ట పడేటట్టు చేసి, చుట్టూ ఉన్నవాళ్లకు చూపించాను. "ఇదే క్యాన్సరని మావాళ్లు ఏడుస్తాండారు మ్మా" అన్నాడాయన. మీ వాళ్లకు ఏడవడానికి వేరే పని లేదా అన్నాను. అందరూ నవ్వారు. పంతులు కూడా వచ్చి వీపు చూపించాడు. మైనం ముద్దలు, పదో పన్నెండో. అవి పూర్వజన్మ రుణాలని ఆయన ఎవరి దగ్గరో విన్నాడట. ఆ జనం అజ్ఞానం చూసి నాకు జాలి కలగలేదు. సంతోషం కలిగింది. ఒక్కొక్కరూ చొక్కా ఎత్తి, చీర జరిపి చూపిస్తుంటే నేను ఇంకాస్త ఎత్తుగా కూర్చున్నాను.

మా అత్త ఆ గది మూలన చాప మీద కూర్చుని ఇదంతా చూస్తూ ఉంది. పెళ్లిళ్లలో ఆమె ఎప్పుడూ చెప్పులు వేసుకోదు. పగలంతా మండపం బండల మీద వట్టి కాళ్లతో తిరిగింది.

ఆ సాయంత్రం కారులో ప్రొద్దుటూరు తిరిగి వస్తున్నాం. మా ఆయన ముందు సీట్లో, అత్తా నేనూ వెనక. జమ్మలమడుగు దాటేసరికి అత్త నా మోచేయి తట్టింది.

"మ్మా, అందురివీ సూస్తివి గదా. నా కాలు గూడా ఒక తూరి సూడు. మడమ కింద ఏందో కాయ మాదిరి తగుల్తాండాది. అడుగేస్తే నొప్పి."

"ఆనెకాయ" అన్నాను. చూడలేదు. పొద్దుటినుంచి చూసి చూసి అలసిపోయాను, పైగా నన్ను ఎప్పుడూ లెక్కచేయని మనిషి ఇప్పుడు అడుగుతోంది కదా, కాస్త బెట్టు చేయాలనిపించింది. "జన్మంతా బండల మీద వట్టికాళ్లతో తిరిగితే ఆనెకాయ రాక ఏమొస్తుంది?"

"అది గాదు మ్మా, నల్లగా ఉండాది."

"మడమ నల్లగా కాక తెల్లగా ఉంటుందా అత్తా?" అన్నాను.

ముందు సీట్లో మా ఆయన పకపకా నవ్వాడు. డ్రైవరు కూడా నవ్వాడు. అత్త కూడా కాస్త నవ్వి, కాలు మళ్లీ చీర కిందికి తీసుకుంది. నా మాటకు ముగ్గురు నవ్వినందుకు నేను ఇల్లు చేరేదాకా సంతోషంగా ఉన్నాను.

మర్నాడు మందుల అంగడి నుంచి ఆనెకాయ పట్టీలు తెప్పించి ఇచ్చాను. నడుమ గుండ్రటి మందు బిళ్ల ఉండే పట్టీలు అవి. ఆశ్చర్యం ఏమిటంటే అత్త ఎదురు చెప్పకుండా అతికించుకుంది. జీడి నూనె పెడతాననలేదు, కాల్చిన ఇటుక మీద తొక్కుతాననలేదు, మొక్కు అనలేదు. పాతికేళ్లలో మొదటిసారి నా మాట విన్నది. మూడు రోజులకొకసారి పాతది పీకి కొత్తది వేసుకునేది, తానే వంగి, తలుపు వేసుకుని. ఎవరైనా కుంటుతున్నావేమని అడిగితే, "ఆనెకాయంట. మా కోడలు సెప్పింది. పట్టీ ఏస్తాండా" అనేది. ఆ మాట వంటింట్లోకి వినపడినప్పుడల్లా, చివరికి ఈ ఇంట్లో కూడా సైన్సు అడుగుపెట్టిందని మనసులో అనుకునేదాన్ని.

డబ్బాలు అయిపోతే మళ్లీ తెప్పించేదాన్ని. నాలుగో డబ్బాయో ఐదో డబ్బాయో తెప్పించేటప్పుడైనా, ఇన్ని పట్టీలకు లొంగని ఆనెకాయ ఏమిటని జంతుశాస్త్రం చదివిన బుర్రకు తట్టాలి కదా. తట్టలేదు. ముసలామె వంకలు పెడుతోందనుకున్నాను.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఆ ఎనిమిది నెలల్లో మేమందరం ఆమె పాదాలు ఎన్నిసార్లు ముట్టుకున్నామో లెక్కలేదు. ఉగాదికి మొక్కాం, మా పెళ్లిరోజుకు మొక్కాం, దసరాకు అమ్మవారిశాల గుడికి పోయి వచ్చి మొక్కాం, దీపావళికి దుడ్ల మూటకు బొట్టు పెట్టాక కొట్టులోనే అందరం వరసగా మొక్కాం. పాదాల పైన చేయి పెట్టి కళ్లకద్దుకున్నాం. పెద్దవాళ్ల పాదం కింద చూసే ఆచారం మాకు లేదు. ఎవరైనా చూడబోయినా ఆమె ఒప్పుకునేది కాదేమో తెలియదు, ఎవరమూ చూడబోలేదు. ఒంటి మీద మొలిచిన ప్రతిదానికీ జాతకం చెప్పే ఇంట్లో ఆ ఒక్కదానికి ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎందుకంటే దానికి నేను అప్పటికే పేరు పెట్టేశాను.

మా ఇంట్లో నేలంతా కడప బండలు, నూనె రాసినట్టు నల్లగా ఉంటాయి. వాటి మీద ఏం పడినా కనపడదు. కొత్తగా బాగుచేయించిన పూజగదిలో మాత్రం తెల్లరాయి పరిచాం. కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున దీపం పెట్టడానికి పోతే, గడప నుంచి దేవుడి మందసం దాకా తెల్లరాయి మీద వరసగా మరకలున్నాయి. ఒక్క మడమవే, ఒక్క కాలివే. ఎవరో కుంకుమ తొక్కారేమో అనుకుని వేలితో తుడిచాను. కుంకుమ కాదు.

అత్త దేవుడి ముందు పీట మీద కూర్చుని ఉంది. ఏమీ అడగకుండా నేను నేల మీద కూర్చుని ఆమె కాలు లాగి ఒళ్లో పెట్టుకున్నాను. "ఏంది మ్మా, పెద్దోళ్ల కాలు ఒళ్లో పెట్టుకుంటారా, పాపం నాకు" అని వెనక్కి లాక్కోబోయింది. పట్టీ తడిసి జారిపోయి ఉంది. దాని కింద ఆనెకాయ లేదు. రూపాయి బిళ్ల కంటే పెద్దగా, ఒక పక్క బొగ్గు నలుపు, ఒక పక్క గోధుమరంగు, నడుమ పచ్చిమాంసం. అంచు మడమ పక్కకు సిరా ఒలికినట్టు పాకి ఉంది. డాక్టరమ్మ చెప్పినవన్నీ ఒక్కొక్కటిగా అక్కడ ఉన్నాయి. ఒక్కటి కూడా తక్కువ కాలేదు.

ఆ పూటే పులివెందుల బయలుదేరాం. ఈసారి ఎవరైనా చూస్తారన్న మాట మా ఆయన ఎత్తలేదు. దారిలో అత్త, ఆనెకాయకు ఇంత దూరం ఎందుకని రెండుసార్లు అడిగింది.

డాక్టరమ్మ నన్ను గుర్తుపట్టింది. అత్తను బల్ల మీద పడుకోబెట్టి, గుడ్డ విప్పి, దీపమున్న చిన్న భూతద్దం పెట్టి చాలాసేపు చూసింది. తర్వాత గజ్జల్లో వేళ్లతో నొక్కి చూసింది. అక్కడ ఆగి మళ్లీ నొక్కింది. "ఎంతకాలంగా ఉంది అవ్వా?" అంది.

అత్త తల కాస్త పైకెత్తి, గర్వంగా చెప్పింది. "పెండ్లప్పటి నుంచి ఉండాది తల్లీ. మా కోడలు అప్పుడే కనిపెట్టింది ఆనెకాయని. సదువుకున్న పిల్ల. ఎనిమిది నెల్లుగా పట్టీలు ఏస్తాండాం."

డాక్టరమ్మ తల తిప్పి నా వైపు చూసింది. మొదటిసారి ఏం డిగ్రీ అని అడిగింది కదా, ఈసారి అది కూడా అడగలేదు. గోడకున్న తేదీల పట్టిక వైపు చూస్తూ నిలబడ్డాను. చేతికి పట్టీల డబ్బా తగిలింది, సంచిలో అది కూడా తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకు తెలియదు.

ముక్క తీసి పరీక్షకు పంపారు. వచ్చిన జవాబు డాక్టరమ్మ ముందే అనుకున్నదే, చర్మం క్యాన్సరు. పెద్ద ఊరికి తీసుకుపోతే మడమ కోసి, తొడ తోలు తెచ్చి అతికించారు, గజ్జల్లో గడ్డలు తీశారు. మొదట్లోనే వచ్చి ఉంటే మడమతో పోయేదా అని నేను అక్కడి డాక్టరును ఒంటరిగా పట్టుకుని అడిగాను. ఆయన నా ముఖం చూసి, ఇప్పుడు అవన్నీ ఎందుకమ్మా అన్నాడు. మర్యాదస్తుడు. ఆ మర్యాద నాకు మంటగా ఉంది.

అత్త ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది. కట్టు మార్చే పని నేను ఇంకెవరికీ ఇవ్వలేదు. రోజూ ఆ కాలు ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. మొదట్లో పాపం పాపం అనేది, పోనుపోను అలవాటు పడింది. ఒకరోజు కట్టు కడుతూ, ఎంతో కూడదీసుకుని, "అత్తా, నువ్వు ఆ పొద్దు కారులో అడిగినావు. నల్లగా ఉందని కూడా చెప్పినావు. నేను చూడలేదు" అన్నాను. పాతికేళ్లలో ఆ ఇంట్లో నాది తప్పన్న మాట నా నోటి నుంచి రావడం అదే మొదలు.

ఆమె కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. "ఏమడిగినా? నాకేం గ్యాపకం లేదు" అంది. కాలు కాస్త కదిపి, "కట్టు బిగిగా ఉండాది, కొంచెం వదులు సెయ్యి" అంది. వదులు చేశాను.

ఆమె జ్ఞాపకశక్తి ఎలాంటిదో నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్ల కిందట ఎవరు ఏ రంగు చీర తీసుకున్నారో, ఎవరి పెళ్లికి ఏ కూర మాడిందో చెప్పగల మనిషి. ఇంగితం లేని మనిషని నేను పాతికేళ్లుగా అంటూ వచ్చింది ఈమెనే.

పలకరించడానికి వచ్చేవాళ్లకు తక్కువ లేదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, వల్లూరు నుంచి కూడా వచ్చారు. పెళ్లిలో నా చేత చెంపలు, పిక్కలు, వీపులు చూపించుకున్నవాళ్లే చాలామంది. వాళ్లు మంచం పక్కన కూర్చోగానే అత్త మొదలుపెట్టేది. "మా కోడలు పూజగదిలో గుర్తు సూసి పట్టుకునింది. ల్యాకుంటే నేను అప్పుడే పోయిండేదాన్ని. ఇంట్లో సదువుకున్న పిల్ల ఉంటే అట్ల." వాళ్లు నా వైపు తిరిగి, నీ మాదిరి కోడలు అందరికీ దొరకదమ్మా అనేవాళ్లు. కాదు, జరిగింది అది కాదు అని ఒక్కసారి కూడా అనలేకపోయాను. కాఫీ తెస్తానని లేచి వెళ్లి, ఆ మాటలు అయిపోయేదాకా వంటింట్లోనే ఉండేదాన్ని.